దొరసాని గారికి కాస్త జలుబు

ఆ రోజుల్లో మా ఏలూరు వాళ్ళకి ఎదుటివాడి మొహం మీద "లేదు" అని చెప్పడం వచ్చేది కాదు. (ఇప్పుడు వచ్చిందా అంటే, ఆ సంగతి చివర్లో చెబుతాను.) కొట్లో పంచదార నిండుకుంటే కొట్టాయన "లేదండీ" అనేవాడు కాదు, "రేపు పొద్దున్నే వచ్చేస్తుందండీ, తమ కోసం విడిగా తీసి ఉంచుతానండీ" అనేవాడు. పెళ్ళి భోజనంలో పప్పు ఉప్పుకషాయంలా ఉంటే, "పప్పు దివ్యంగా కుదిరిందండీ, ఆ మజ్జిగ ఓసారి ఇటు తెప్పిస్తారా" అనేవారు పెద్దలు. మొహమాటం మీద మనకో సామెత ఉంది. మర్యాదస్తుల ముందు దాన్ని పూర్తిగా చెప్పకూడదు కనక మీరే గుర్తు తెచ్చుకోండి. ఈ మొహమాటం వల్ల మనుషులకి ఏమంత నష్టం జరిగిందో నాకు తెలీదు గానీ, ఒక గుర్రానికి మాత్రం జరిగింది. అందులో సగం పాపం మా ఊరి మర్యాదదీ, మిగతా సగం నాదీ అని చాలా ఏళ్ళు సరిపెట్టుకున్నాను. వయసు మీద పడుతున్నకొద్దీ నా వాటా పెరుగుతూ వస్తోంది.

మాది తాడేపల్లిగూడెం దగ్గర పౌరోహిత్యం చేసుకునే కుటుంబం. నాకు మంత్రాలు అబ్బలేదు. స్కూలు ఫైనలు మాత్రం ఎలాగో గట్టెక్కాను. ఇరవై ఒక్క ఏళ్ళకి ఏలూరు పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు ఉద్యోగం దొరికింది. ఆ మాట ఇంట్లో చెప్పగానే మా నాన్న కండువా దులిపి భుజాన వేసుకుని, "గోదానాలు పట్టిన వంశంరా మనది! నువ్వేమో గేదెలకి ఎనిమా ఇస్తానంటున్నావు," అన్నాడు. ఆ దెబ్బకి నాకు పౌరుషం వచ్చింది. ఏనాటికైనా మా నాన్న చేత "మావాడు డాక్టరండీ" అనిపించుకోవాలని ఒట్టు పెట్టుకున్నాను. కాంపౌండరుకీ డాక్టరుకీ మధ్య చదవాల్సిన చదువు చాలా ఉందన్న సంగతి ఆ ఒట్టులో చేర్చలేదు.

ఆసుపత్రిలో పెద్ద డాక్టరు గారని ఉండేవారు. (చిన్న డాక్టరు అంటూ ఎవరూ లేరు. ఆ ఖాళీలో నన్ను నేనే వేసుకున్నాను.) మనిషి మితభాషి. ఒకనాడు ఏదో గుర్రాన్ని చూస్తూ నన్ను దగ్గరికి పిలిచి, తన అలవాటుకి మించి మాట్లాడారు. "చూడవోయ్, గుర్రం మనలా నోరు తెరిచి ఊపిరి పీల్చలేదు. దాని కష్టమంతా ముక్కుపుటాల్లోనూ డొక్కల్లోనూ కనిపిస్తుంది. పావుగంట కదలకుండా నిలబెట్టి, గడియారం పట్టుకుని డొక్కలు ఎన్నిసార్లు ఎగిసిపడతాయో లెక్కపెట్టు. నిమిషానికి పదీ పదిహేనూ అయితే ఫరవాలేదు. ఇరవై దాటిందా, నాకు కబురు పంపు. ముక్కు వెంట ఇటుక రంగు చీమిడి వస్తుందేమో చూడు. ముందు కాళ్ళ మోచేతులు బయటికి పెట్టి నిలబడి, రాత్రీ పగలూ నేల మీద వాలడం లేదంటే ఊపిరితిత్తులకి నెమ్ము చేసిందన్నమాట. దగ్గే గుర్రానికి గొట్టంతో మందు పట్టకు, ఊపిరి గొట్టంలోకి పోతుంది. ముద్ద చేసి నాలుక మీద రాయి." ఇంత వివరంగా చెప్పారు మహానుభావుడు. నేను "చిత్తమండీ, చిత్తమండీ" అంటూనే ఉన్నాను. ఆ గొట్టం మాట చెప్పేటప్పుడు మాత్రం నా మెడ మీద దోమ వాలింది. దాన్ని కొట్టేసరికి ఆ ముక్క కాస్తా చెవి దాటిపోయింది.

తర్వాత ఓ నెలకి, కార్తీకం వెళ్ళి చలి ముదిరాక, కొల్లేటి లంకల్లో గొడ్లకి పెద్ద రోగం తగిలిందని కబురొచ్చింది. డాక్టరు గారు సూది మందుల పెట్టె పట్టుకుని కైకలూరు మీదుగా వెళ్ళిపోయారు. వెళ్తూ, "వచ్చిన కేసులు రాసి పెట్టు. అనుమానం వస్తే మనిషిని పంపు. కైకలూరులో మన క్యాంపు ఎక్కడుందో అడిగితే దోనె వాళ్ళు చెబుతారు," అన్నారు. అనుమానం నాకెందుకొస్తుంది? కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అన్నారా! ఆయన బండి వీధి మలుపు తిరగ్గానే ఆయన కుర్చీలో కూర్చున్నాను. మర్నాడు గోడ మేకుకి ఆయన వదిలి వెళ్ళిన దొర టోపీ తీసి నెత్తిన పెట్టుకున్నాను. అది నా తలకి పెద్దదై చెవుల మీదికి దిగేది. లోపల కాస్త కాగితం మడిచి పెడితే నిలిచింది. టోపీ నిలిచింది గానీ దాని కింద ఉన్న బుర్ర నిలవలేదు.

సరిగ్గా ఆ టోపీ ముహూర్తానికే తురాయి సాయిబు గారు వచ్చారు. ఆయన పేరు వేరే ఉంది. స్టేషను దగ్గర పాతిక జట్కాలుంటే, గుర్రం తలకి ఎర్ర తురాయి కట్టేది ఆయనొక్కరే కనక ఆ పేరు స్థిరపడింది. అప్పటికి యాభై ఏళ్ళుంటాయి. ఆయన ఆడగుర్రం పేరు దొరసాని. తెల్లటి ఒళ్ళు, నుదుటి మీద గోధుమ రంగు మచ్చ, నేల మీద కాలు పెట్టడమే మనకి ఉపకారం చేస్తున్నట్టు నడక. ఆయన కొరడా ఎప్పుడూ పట్టుకునేవారు కాదు. "పదమ్మా, బాబుగారికి రైలు మించిపోతుంది" అంటే అది పరిగెత్తేది. ఆయనకీ, ఇంట్లో ఆయన భార్యకీ అన్నం పెట్టేది అదే. ఆ ఇద్దరికీ పిల్లల్లేరు.

ఆ పొద్దున దొరసానిని బండికి కట్టకుండా, పగ్గం పట్టుకుని నడిపించుకొచ్చారు. జట్కా ఆయన బేరాల వేళ బండి మానుకుని గుర్రాన్ని నడిపించుకొస్తే ఏదో పెద్ద సంగతే అని పసిపిల్లవాడికైనా తడుతుంది. నాకు తట్టలేదు. నేను టోపీ సర్దుకునే పనిలో ఉన్నాను. దొరసాని మాత్రం ధగధగా మెరిసిపోతోంది. ఒళ్ళు కడిగి, జూలు దువ్వి, తురాయి కట్టి, ముక్కు అద్దంలా తుడిచి ఉంది.

"నమస్కారమండీ డాక్టరు గారూ," అన్నారు సాయిబు గారు. (నేను దిద్దలేదు.) "రెండ్రోజులుగా మా దొరసానికి కాస్త నలతగా ఉందండీ. దగ్గుతోందండీ."

నేను లేచి వెళ్ళి, గడియారం చూస్తూ డొక్కలు లెక్కపెట్టాను. ముప్పై ఆరు. పెద్ద డాక్టరు గారు చెప్పిన ఇరవై గుర్తొచ్చింది. అంతలోనే, 'ఇప్పుడే కదా నడిచొచ్చింది' అనిపించింది. పావుగంట నిలబెట్టి మళ్ళీ లెక్కపెట్టాలని గుర్తుంది. కానీ చుట్టూ అరడజను మంది రైతులు నిలబడి చూస్తున్నారు. డాక్టరన్నవాడు పావుగంట ఊరికే నిలబడితే ఏం బాగుంటుంది?

"తొందరగా నడిపించుకొచ్చినట్టున్నారు?" అన్నాను.

ఆయన పగ్గం సవరించుకున్నారు. "అవునండీ, తమరి టైము మించిపోతుందేమోనని కాస్త తొందరగానే వచ్చామండీ."

"అదీ సంగతి! ముక్కు కారడం లేదుగా?"

"ఇప్పుడేం లేదండీ."

"రాత్రి పడుకుందా?"

"పడుకోలేదండీ. రెండు రాత్రులుగా నిలబడే..."

"గుర్రాలు నిలబడే నిద్రపోతాయి లెండి," అన్నాను, రైతులందరికీ వినబడేలా.

"తమరికి తెలియనిదేముందండీ," అన్నారు సాయిబు గారు.

ఇక జ్వరం చూడాలి. గుర్రానికి జ్వరం చూసే గాజు పుల్ల ఎక్కడ పెడతారో చదువరులకి తెలియకపోతే, తోక కింద అని మనవి చేస్తున్నాను. దొర టోపీ పెట్టుకుని, అంతమంది ఎదుట, దొరసాని తోక ఎత్తడం నా హోదాకి తగదనిపించింది. అంచేత దాని చెవి పట్టుకుని చూశాను. చల్లగా ఉంది. చలికాలం పొద్దున్నే కాలవ నీళ్ళతో కడిగిన గుర్రానికి చెవులు చల్లగా ఉండక వేడిగా ఉంటాయా! "జ్వరం లేదు" అని ప్రకటించాను. ముందు కాళ్ళు ఎడం చేసి, మోచేతులు బయటికి పెట్టి నిలబడిందని కూడా చూశాను. చూసి, "ఏం ఠీవిగా నిలబడిందండీ, పహిల్వానులా!" అని మెచ్చుకున్నాను కూడా. పెద్ద డాక్టరు గారు ఒక్కొక్కటే చెప్పిన గుర్తులన్నీ నా ఎదుట వరసగా నిలబడితే, ఒక్కొక్కదానికే నమస్కారం పెట్టి పంపించేశాను.

"దొరసాని గారికి కాస్త జలుబు చేసింది, అంతే!" అన్నాను. శొంఠి, మిరియాలు, కర్పూరం, బెల్లం కలిపి కషాయం కాయించాను. మా ఊళ్ళో దూడలకి మందు పట్టినట్టే, తల పైకెత్తించి వెదురు గొట్టంతో పోశాను. ఇద్దరు మనుషులు పట్టుకున్నారు. దొరసాని కళ్ళు తేలేసి, ఒళ్ళంతా కుదిపేసేలా దగ్గింది. సగం కషాయం ముక్కులోంచి బయటికొచ్చింది. నేను ఏమాత్రం తొణక్కుండా, "చూశారా, జలుబు కదులుతోంది!" అన్నాను.

"తమరి చేతి చలవండీ," అన్నారు సాయిబు గారు. గుర్రం మెడని మాత్రం రెండు చేతులా పొదివి పట్టుకున్నారు. అది ముద్దుకే అనుకున్నాను.

మర్నాడు ఆయన ఒక్కరే వచ్చారు. "ఎలా ఉంది?" అన్నాను. "చాలా నయమండీ. తమరి మందు బ్రహ్మాండంగా పనిచేసిందండీ," అన్నారు. "ఉలవలు తింటోందా?" "తింటుందండీ, తినకేం చేస్తుందండీ." మరో సీసాడు కషాయం ఇచ్చి, గొట్టంతోనే పట్టమని గట్టిగా చెప్పాను. మూడో రోజు మళ్ళీ వచ్చారు. చేతిలో ఓ అత్తం అరటిపళ్ళు. "తమరు మా కోసం ఇంత శ్రద్ధ తీసుకున్నారు," అని బల్ల మీద పెట్టి, ఏదో అడగబోయి నా మొహం చూసి ఆగిపోయి, చివరికి "పెద్ద డాక్టరు గారు ఎప్పుడొస్తారండీ?" అన్నారు. నా మొహం చిన్నబోయి ఉంటుంది. వెంటనే ఆయనే, "ఊరికే అడిగానండీ, తమరుండగా మాకేం లోటండీ," అనేసి వెళ్ళిపోయారు. ఆ పళ్ళన్నీ నేనే తిన్నాను. తింటూనే మా నాన్నకి ఉత్తరం రాశాను, ఏలూరులో పేరున్న గుర్రానికి నేనే వైద్యం చేసి నయం చేశానని.

నాలుగో రోజు పొద్దున, నయమైన నా రోగిని కళ్ళారా చూసుకుందామనీ, దారిలో జట్కా వాళ్ళ చేత నాలుగు మెచ్చుకోళ్ళు పుచ్చుకుందామనీ, టోపీతో సహా బయల్దేరాను. స్టేషను దాటి కాలవ గట్టు వెంట వెళ్తే సాయిబు గారి పెంకుటిల్లు. ఆయన నీళ్ళకి వెళ్ళినట్టున్నారు. "సాయిబు గారూ!" అని పిలిస్తే గోనెపట్టా పరదా వెనకనించి ఆయన భార్య గొంతు వినిపించింది.

"ఎవరండీ?"

"ఆసుపత్రి నించి వచ్చానమ్మా. దొరసాని బాగా తిరుగుతోందిటగా, చూసి పోదామని."

"ఎవరు చెప్పారు బాబూ తిరుగుతోందని?" అంది ఆవిడ. "గింజ ముట్టి ఐదు రోజులైంది. నేల మీద వాలలేదు. ఆ గొట్టం పెట్టినప్పుడల్లా దగ్గి దగ్గి చచ్చిపోతోంది, ఇక వద్దని మొత్తుకున్నాను. ఈయన వినరు. మరి ఆ మాట డాక్టరు గారికి చెప్పండి అంటే, 'కుర్రాడు కొత్తగా ఉద్యోగంలో చేరాడే, మందు పనిచెయ్యలేదంటే చిన్నబుచ్చుకుంటాడు' అంటారు. మీరైనా పెద్దాయనకి కబురు పెట్టించండి బాబూ. మీకు పుణ్యముంటుంది."

ఆ కొత్త కుర్రాణ్ణి నేనేనని ఆవిడకి తెలీదు. నాకు చెప్పే ధైర్యమూ లేదు. పాకలోకి వెళ్ళి చూశాను. తురాయి లేదు. జూలు చిక్కులు పడి ఉంది. దొరసాని గాలి వచ్చే వైపు మొహం పెట్టి, తల కిందికి వాల్చి, కాళ్ళు ఎడం చేసుకుని నిలబడి ఉంది. ముక్కుపుటాలు గిన్నెల్లా విచ్చుకుని ఉన్నాయి. ఒక్కొక్క ఊపిరికీ డొక్క ఒకసారి లోపలికి పోయి, చాలక మళ్ళీ రెండోసారి పోతోంది. ముక్కు కింద పెదవి దాకా ఇటుక రంగు చీమిడి కారి అట్ట కట్టింది. ఇక గడియారం అక్కర్లేకపోయింది. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాను. నా కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి, అది చెప్పడానికి నాకిప్పుడు సిగ్గేం లేదు.

అంతలో సాయిబు గారు నీళ్ళ కడవతో వచ్చారు. నన్ను చూసి కంగారుగా కడవ దించి, భుజం మీది తువ్వాలుతో గబగబా దొరసాని ముక్కు తుడిచేశారు. "తమరు వస్తారని తెలీదండీ. తెలిస్తే కాస్త శుభ్రం చేసి ఉంచేవాణ్ణండీ," అన్నారు.

"సాయిబు గారూ, ఆసుపత్రికి తెచ్చిన రోజు కూడా ఇలాగే తుడిచి తెచ్చారా?"

"మరి డాక్టరు గారి దగ్గరికి చీమిడి ముక్కుతో ఎలా తీసుకొస్తామండీ?" అన్నారాయన. ఆ అడగడంలో ఎత్తిపొడుపు ఏమాత్రం లేదు. నిజంగానే అడిగారు.

అక్కణ్ణించి పరుగెత్తాను. కైకలూరు బస్సు పట్టుకుని, అక్కడ దోనె ఎక్కి, కొల్లేట్లో లంక లంకకీ ఆగి అడుగుతూ పోతే పొద్దు వాలే వేళకి పెద్ద డాక్టరు గారు దొరికారు. మోకాళ్ళ లోతు బురదలో నిలబడి గేదెకి సూది వేస్తున్నారు. అంతా చెప్పాను, గొట్టంతో సహా. అరటిపళ్ళతో సహా. ఆయన సూది బయటికి తీసి, తుడిచి పెట్టెలో పెట్టేశారు. తిడతారేమోనని దారంతా భయపడినవాణ్ణి, తిట్టకపోయేసరికి ఏడుపొచ్చింది. మర్నాడు తెల్లవారుతూనే దోనె ఎక్కాక, టోపీ నా చేతిలోంచి తీసుకుని తన నెత్తిన పెట్టుకుంటూ అన్నారు: "నువ్వు గుర్రం యజమానిని అడిగావోయ్. గుర్రాన్ని అడగలేదు. మనిషికి మొహమాటం ఉంటుంది. గుర్రానికి ఉండదు."

పది రోజులు ఆయన, నేను, సాయిబు గారు ఆ పాకలో వంతులు వేసుకున్నాం. కంబళ్ళు కప్పాం. ఆవపిండి పట్లు వేశాం. మందు ముద్ద చేసి నాలుక మీద రాశాం. తోక ఎత్తి జ్వరం చూసే పని నేనే అడిగి పుచ్చుకున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, తెలుసు. అయినా పదకొండో రోజు పొద్దున దొరసాని నేల మీద వాలింది. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. డాక్టరు గారు మాత్రం మొదటిసారి నవ్వి, "పడుకోనీ. పదిహేను రాత్రులకి పైగా నిద్ర బాకీ ఉంది దానికి," అన్నారు.

బతికింది. అయితే ఊపిరి విరిగిపోయింది. నాలుగు అడుగులు గట్టిగా వేస్తే డొక్కలు కొట్టుకునేవి. ఇక బండికి పనికిరాదని డాక్టరు గారు చెప్పేశారు. నేను మొదటి రోజే కబురు పంపి ఉంటే ఏమయ్యేదని అడిగాను. ఆయన చేతులు కడుక్కోవడానికి లేచారు. సాయిబు గారు జట్కా అమ్మేసి, అన్నగారి దగ్గర తివాచీ మగ్గం మీద కూర్చున్నారు. ఆ ఉన్ని నలుసు ఊపిరికి పడకే వయసులో ఉండగా ఆ పని వదిలి గుర్రం తోలుకున్నారట. గుర్రాన్ని మాత్రం అమ్మలేదు. సాయంత్రం పని దిగాక దాన్ని కాలవ గట్టు మీద మెల్లగా నడిపించేవారు. తురాయి కట్టే నడిపించేవారు. నేను ఎదురైతే ఇద్దరూ ఆగేవారు. ఆయన దగ్గుతూ నమస్కారం పెట్టేవారు. రెండేళ్ళకి నాకు బదిలీ అయితే స్టేషనుకి వచ్చి, మగ్గం మీద తానే నేసిన చిన్న ఆసనం చేతిలో పెట్టి, "తమరి చలవ వల్లే మా దొరసాని బతికిందండీ," అన్నారు. అది అబద్ధమని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. రైలు కదిలేదాకా నిజం చెప్పి క్షమించమని అడగాలని చూశాను. చివరికి "మీ దయండీ" అన్నాను. ఆ తర్వాత ఆయన్ని మళ్ళీ చూడలేదు.

ఇప్పుడు నాకు డెబ్బై ఐదు దాటాయి. ఏలూరు పక్కనే వట్లూరులో ఉంటున్నాను. ఈ చలికాలం నాకే నెమ్ము చేసింది. మా వీధిలో కొత్తగా ప్రాక్టీసు పెట్టిన కుర్ర డాక్టరు నాలుగు రోజులుగా ఇంటికొచ్చి మందులిస్తున్నాడు. నిన్న పొద్దున అతనొస్తాడని ముందే వేణ్ణీళ్ళు పోసుకుని, గడ్డం గీసుకుని, ఉతికిన లాల్చీ తొడుక్కుని, కఫం పడ్డ గుడ్డ దిండు కింద దాచేసి, ఆ పాత ఆసనం మీద నిటారుగా కూర్చున్నాను. అతను వచ్చి, "ఎలా ఉందండీ తాతగారూ, మందు పనిచేసిందా?" అన్నాడు. ఆ మొహంలో ఆశ చూడాలి! "బ్రహ్మాండంగా పనిచేసింది బాబూ," అన్నాను. వాడి మొహం వెలిగిపోయింది. సంచీ సర్దుకుని గుమ్మం దిగాడు.

పరదా వెనకనించి మా ఆవిడ, "రెండు రాత్రులుగా వాలకుండా కుర్చీలోనే కూర్చున్నారని చెప్పరేం?" అంది. ఆ మాట ఎక్కడో విన్నట్టనిపించింది. ఎక్కడో గుర్తొచ్చేసరికి గుండెల్లో కలుక్కుమంది. "బాబూ, ఓసారి వెనక్కి రా," అని కేక పెట్టాను. కేకతో పాటు దగ్గూ వచ్చింది. పరుగెత్తుకొచ్చాడు పాపం. "నన్నేం అడక్కు నాయనా. నేను ఏలూరు వాణ్ణి, నిజం చెప్పను. ఆ గడియారం చూస్తూ నా డొక్కలు లెక్కపెట్టుకో," అన్నాను. బుద్ధిమంతుడు, ఎదురు చెప్పకుండా నా ఎదుట కూర్చుని లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. అంతా తెలిసి, నేనే పిలిచి, నేనే లెక్కపెట్టమని చెప్పి కూడా, కుర్రాడు చిన్నబుచ్చుకుంటాడేమోనని ఆ నిమిషం పాటూ కాస్త మెల్లగా ఊపిరి పీల్చడానికే ప్రయత్నించాను.